బావ పడవ, సగం బలం: సోమశిల ఒడ్డున ఇంజను డైరీ

జనవరి 11

"పడవ కదులుతోంది గానీ ముందుకు పోవడం లేదు" అని మా బావ దసరా నుంచి అంటూనే ఉన్నాడు. కొల్లాపూర్‌లో నా షెడ్డు ముందు ట్రాక్టర్లు వరుస కట్టి ఉండడంతో వాయిదా వేస్తూ వచ్చాను. పండుగ ముందు పని పలచబడింది. ఇవాళ పనిముట్ల పెట్టె సర్దుకుని సోమశిల వెళ్లాను.

పడవ 28 అడుగుల చెక్కది. శ్రీశైలం వెనుక నీళ్లలో పైన వలలు వేసేవాళ్ల దగ్గర నుంచి చేపల డబ్బాలు, ఐసు, వలలు మోసే పడవ. నడుమ చెక్క పెట్టె కింద మూడు సిలిండర్ల డీజిల్ ఇంజను, 35 హార్స్‌పవర్, నిండు వేగం 2,000 ఆర్‌పీఎం, అంటే నిమిషానికి అన్ని చుట్లు. వయసు ముప్ఫై దాటింది. నేల మీద ట్రాక్టర్లలో కనిపించే రకమే కాబట్టి దీని పేగులన్నీ నాకు తెలుసు. నీళ్ల మీద దీన్ని చూడడం మాత్రం ఇదే మొదలు.

బావ అప్పటికే ఒకసారి డబ్బు పోగొట్టుకున్నాడు. కిందటేడు పక్క పట్టణంలో ఒక షాపువాళ్లు డీజిల్ పంపు విప్పి సరిచేసి పెద్ద బిల్లు చేతిలో పెట్టారు. పడవ అలాగే ఉంది. "పంపు మొత్తం మార్చాలి, లేదంటే బోరింగే" అని ఈ మధ్య మళ్లీ చెప్పారట. బోరింగ్ అంటే అరిగిన సిలిండర్ల లోపలి గోడలను మళ్లీ తొలిచి సరిచేయడం. ఆ బిల్లు తెప్పించి చూశాను. ముందు ఎంత ఆర్‌పీఎం ఉండేది, తర్వాత ఎంత వచ్చింది అన్న సంగతి దాని మీద ఎక్కడా లేదు. అందుకే ఈ నోటుబుక్కు. అంకె రాసిన తర్వాతే స్పానర్ పట్టుకోవాలని నాకు నేను పెట్టుకున్న కట్టుబాటు.

మొదటి అంకెతోనే ఒక చిక్కు విడింది. పడవ బోర్డు మీది గేజి 1,650 చూపిస్తోంది. క్రాంక్ పుల్లీకి వెండి స్టిక్కరు అతికించి లేజర్ టాకోమీటరుతో చూస్తే 1,460. గేజి అబద్ధమాడుతోంది. బావ ఎన్నేళ్లుగా ఆ అబద్ధాన్ని నమ్ముతున్నాడో.

ఇవాళ్టి లెక్క: లివరు మొత్తం ముందుకు తోసి, ఇద్దరు మనుషులు, నాలుగు ఖాళీ డబ్బాలతో 1,460 ఆర్‌పీఎం. ఫోనులో జీపీఎస్ పెట్టి రేవు నుంచి ఎదురుగా ఉన్న బండరాయి దాకా, మళ్లీ వెనక్కి. గాలి ఒకవైపు సాయం చేస్తుంది, ఒకవైపు అడ్డుతుంది కాబట్టి రెండింటి సగటు: గంటకు 7.1 కిలోమీటర్లు. నీళ్ల వేడి 78 డిగ్రీలు. వెనుక పొగ దాదాపు లేదు. నాలుగైదు నిమిషాలు నిండుగా నడిపితే వేగం ఇంకో యాభై దాకా జారుతోంది.

పడవ నడిపే పెద్దాయనను నేను మామా అంటాను. చుక్కాని మీద చెయ్యి వేసుకుని అంతా చూస్తూ కూర్చున్నాడు. "మునుపు సిద్ధేశ్వరం ఒడ్డుకు పోయి వచ్చేలోపు రెండు బీడీలు కాలేవి అల్లుడూ. ఇప్పుడు నాలుగు" అన్నాడు. నా జీపీఎస్ కన్నా అదే నమ్మదగిన లెక్కలా అనిపించింది.

జనవరి 13

ముందుగా సులువైనది. లివరు మొత్తం తోసినా పంపు మీది చెయ్యి చివరి బోల్టుకు ఆరు మిల్లీమీటర్ల ఇవతలే ఆగిపోతోంది. కేబుల్ సాగింది. గేరు వేయకుండా లివరుతో 1,900 దాటడం లేదు, పంపు చెయ్యిని చేత్తో నెడితే 2,180. దొరికింది దొంగ అనుకుని కేబుల్ బిగించి నీళ్లలోకి వెళ్లాం. గేరు వేస్తే 1,470. పెరిగింది పది.

ఒడ్డుకు వచ్చి టీ తాగుతుంటే తట్టింది. గవర్నరు, అంటే వేగం చూసి డీజిల్ పెంచి తగ్గించే అమరిక, ఉన్న పంపుకు లివరు చెప్పేది "ఇంత డీజిల్ ఇవ్వు" అని కాదు, "ఇంత వేగం తెచ్చిపెట్టు" అని. లివరు 1,900 అడుగుతుంటే ఇంజను 1,460 దగ్గర ఈడుస్తోందంటే, గవర్నరు అప్పటికే ఇవ్వగలిగినంతా ఇచ్చేసింది. ఇప్పుడు 2,180 అడిగినా ఇచ్చేది అదే. కేబుల్‌లో తప్పు ఉన్న మాట నిజమే, మన జబ్బు మాత్రం అది కాదు.

రాత్రి ఇంకో లెక్క వేశాను. ప్రొపెల్లర్ మింగే బలం వేగానికి ఘనంలో పెరుగుతుంది. 2,000 దగ్గర 35 హార్స్‌పవర్ మింగేది 1,460 దగ్గర దాదాపు 13.6 మాత్రమే మింగుతుంది. అంటే ఇంజను సగం కూడా ఇవ్వడం లేదు. బావకు చెబితే "అయితే బోరింగే కదా" అన్నాడు, గొంతులో దిగులుతో. ఆగమన్నాను.

(ఈ లెక్కలో ఒక పెద్ద తప్పు ఉంది. ఫిబ్రవరిలో గానీ తెలియలేదు. కొట్టేయకుండా అలాగే ఉంచుతున్నాను.)

జనవరి 18

పండుగ అయిపోయింది. షెడ్డుకు తాళం వేసి రోజంతా పడవలోనే.

డీజిల్ ఇంజను తన కష్టాన్ని పొగలో చెబుతుంది. నిండు బరువు మీద నల్లపొగ వస్తే డీజిల్ ఉంది, గాలి చాలడం లేదు, లేదా మోయలేని బరువు మోస్తోంది. పొగే రాకుండా నీరసపడితే గాలి ఉంది, డీజిల్ చాలడం లేదు. తెల్లపొగ అయితే డీజిల్ కాలకుండానే బయటికి పోతోంది. నీలిపొగ అయితే ఆయిల్ కాలుతోంది. మన పడవకు పొగ లేదు. పైగా నడిచేకొద్దీ వేగం జారుతోంది. డీజిల్ దారి పట్టుకోవాలి.

డీజిల్‌లోని నీళ్లను వేరుచేసే వాటర్ సెపరేటర్ గాజు గిన్నె విప్పాను. అడుగున రెండు వేళ్ల ఎత్తు నీళ్లు, వాటికీ డీజిల్‌కూ మధ్య గోధుమ రంగులో గంజి మీగడలాంటి పొర. డీజిల్, నీళ్లు కలిసేచోట పెరిగే సూక్ష్మజీవుల జిగురు అది. వేలికి రాసుకుంటే జారిపోతుంది, వాసన పాడైన పెరుగుకు దగ్గరగా ఉంటుంది. వానాకాలమంతా సగం ట్యాంకుతో పడవను కట్టేసి ఉంచడమే దీనికి మూలం. ఖాళీ సగంలో ఉన్న గాలి రాత్రి చల్లబడి చెమ్మ అడుగుకు దిగుతుంది. ఫిల్టర్లు రెండూ మార్చి, గిన్నె కడిగి, గాలి తీసి స్టార్టు చేశాను. 1,480.

ఇక్కడ నా ట్రాక్టరు తెలివి పనికొచ్చింది. ట్యాంకు మీద అనుమానం ఉంటే ట్యాంకునే లేకుండా చేసి చూడాలి. పది లీటర్ల క్యానులో వడకట్టిన డీజిల్ నింపి ఇంజను పెట్టె కన్నా ఎత్తులో కట్టాను. దాని నుంచి పారదర్శకమైన పైపుతో నేరుగా ఫీడ్ పంపుకు (ట్యాంకు నుంచి డీజిల్ లాగే చిన్న పంపు) ఇచ్చాను. సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాజిళ్ల నుంచి మిగులు వెనక్కి తెచ్చే రిటర్న్ పైపును కూడా క్యానులోకే తిప్పాను. అది మరిచిపోతే క్యాను ఖాళీ అవుతూ ట్యాంకు నిండుతుంది. అసలే వేడి ఇంజను, పక్కనే డీజిల్ క్యాను, కాబట్టి ఒకరు అగ్నిమాపక సిలిండరు పట్టుకుని కూర్చోవాలి. ముగ్గురం లైఫ్ జాకెట్లు వేసుకున్నాం. బావ నసిగాడు. పడవ ప్రమాదాల జ్ఞాపకం ఈ ఒడ్డున ఇంకా పచ్చిగానే ఉంది, అతనికీ తెలుసు. మామ మాత్రం ఏమీ అనకుండా ముడి వేసుకున్నాడు.

1,690!

వెనుక నల్లపొగ మొదలైంది. బావ కంగారుపడ్డాడు, నేను సంతోషపడ్డాను. ఇన్నాళ్లకు ఇంజనుకు కడుపు నిండా డీజిల్ అందింది. పొగ సంగతి తర్వాత.

అంటే తప్పు ట్యాంకుకూ ఫీడ్ పంపుకూ మధ్యలో ఉంది. పైపు మళ్లీ ట్యాంకుకు కలిపి, పది నిమిషాలు నడిపి, వేగం జారగానే మామను ట్యాంకు మూత తీయమన్నాను. మూత తిప్పుతుండగా ట్యాంకు బుస్సుమని గాలి లోపలికి పీల్చుకుంది. పక్కనే ఉన్నవాళ్లందరికీ వినిపించింది. వేగం 1,600 దాకా లేచింది. ట్యాంకు ఊపిరి గొట్టం మూసుకుపోయింది. డీజిల్ బయటికి పోతుంటే ఆ ఖాళీలోకి గాలి రాక, పంపు శూన్యంతో కుస్తీ పడుతోంది.

గొట్టం మొన వంచి చూశాను. లోపల ఎర్రమట్టి బిరడా. స్క్రూడ్రైవరుతో గీస్తే పొడిపొడిగా రాలింది, మధ్యలో చిన్న గది, అందులో ఎండిపోయిన పచ్చపురుగులు మూడు, వాటి పక్కన ఖాళీ గూడు. కుమ్మరి పురుగు పిల్లల కోసం కట్టుకున్న ఇల్లు. కొల్లాపూర్‌లో తాళం రంధ్రాల్లో, మోటారు స్టార్టరు పెట్టెల్లో రోజూ చూసేదాన్ని పడవ మీద వెతకాలని నాకు తోచనే లేదు. పంపు విప్పి బిల్లు వేసినవాళ్లకూ తోచలేదు, వాళ్లు ఒడ్డు దాకా వస్తే కదా.

మిగతా తొంభై ఆర్‌పీఎం ట్యాంకు లోపలి పీల్చే గొట్టం చివర ఉన్న జాలీలో దొరికింది. అదే జిగురు దాన్ని దుప్పటిలా కప్పేసింది. ట్యాంకు ఖాళీ చేసి, తుడిచి, జాలీ కడిగాను. ఊపిరి గొట్టం మొన కిందికి వంచి సన్నని ఇత్తడి జాలీ కట్టాను. క్యాను లేకుండానే 1,690 వచ్చింది. జారడం ఆగిపోయింది.

జనవరి 21

షెడ్డులో ట్రాక్టర్లు. సాయంత్రం గంటసేపు మాత్రమే పడవ. ట్యాపెట్లు, అంటే వాల్వుల దగ్గరి సందు, సరిచేశాను, చల్లని ఇంజను మీద 0.30 మిల్లీమీటర్లు. రెండో సిలిండరు ఎగ్జాస్టు వాల్వు బిగుతుగా ఉండింది.

నాజిళ్లు విప్పి షెడ్డుకు తెచ్చాను. 175 బార్ ఒత్తిడి దగ్గర తెరుచుకోవాలి. రెండు సరిగ్గానే ఉన్నాయి. మూడోది 140కే తెరుచుకుని పొగమంచులా చిమ్మాల్సింది పోయి కుళాయిలా కారుతోంది. నాజిల్ మార్చాను. అవి విప్పి ఉండగానే సిలిండర్లు గాలిని ఎంత గట్టిగా నొక్కుతున్నాయో కంప్రెషన్ గేజి పెట్టి చూశాను: 390, 385, 370 పీఎస్‌ఐ. మూడూ దగ్గర దగ్గరగా ఉన్నాయి. ఈ అంకెలున్న ఇంజనుకు బోరింగ్ చేయించమనేవాడు పళ్లు గట్టిగా ఉన్నా కట్టుడు పళ్లు అంటగట్టేవాడే. బావకు ఫోను చేసి చెప్పాను. అవతల చాలాసేపు ఏమీ వినపడలేదు, తర్వాత అక్క గొంతు వినిపించింది: "నిజమేనా తమ్ముడూ?"

జనవరి 25

నాజిళ్లతో 1,710. పొగ కొంచెం పలచబడింది గానీ ఇంకా నల్లగానే ఉంది. ఇప్పుడు గాలి దారి.

పీల్చే వైపు మొదట చూశాను. ఎయిర్ క్లీనరు ఆయిల్ గిన్నెలో బురద. కడిగి కొత్త ఆయిల్ పోశాను. మార్పు లేదు. తర్వాత ఇంజను పెట్టె పలకలు నాలుగూ తీసేసి నడిపితే 1,740. పలకలు వేస్తే మళ్లీ 1,710. అంటే ముప్ఫై ఆర్‌పీఎం ఆ చెక్కపెట్టెలోనే పోతోంది. ఇంజను తన వేడిగాలినే తాను పీల్చుకుంటోంది. వేడిగాలి పలచన, అందులో ప్రాణవాయువు తక్కువ. ఈ జలాశయం నిండు మట్టం సముద్రానికి 885 అడుగుల ఎత్తు, ఆ ఎత్తు వల్ల మూడు శాతం దాకా బలం ఎలాగూ పోతుంది. దానికి ఏమీ చేయలేం. పెట్టెకు మాత్రం ముందొకటి, వెనుకొకటి అరచేతంత కిటికీలు కోశాను.

బయటికి వదిలే వైపు అసలు కథ ఉంది. ఈ పడవలో రబ్బరు రెక్కల పంపు నదిలో నీళ్లు పీల్చి, ఇంజను వేడిని తీసుకుని, చివరికి ఆ నీళ్లను పొగగొట్టం ఎల్బోలో, అంటే దాని వంపు ముక్కలో, చిమ్ముతుంది. పొగ చల్లబడి నీళ్లతో కలిసి వెనుక నుంచి పోతుంది. ఆ ఎల్బో లోపల మసి, తుప్పు కలిసి గడ్డకట్టి దారి మూసుకుపోవడం ఉప్పు నీళ్లలో తరచుగా జరుగుతుందని విన్నాను. కృష్ణ నీళ్లు తియ్యనివి కదా అని కొట్టిపారేశాను. కానీ ఈ పడవ వలల దగ్గర గంటలకొద్దీ ఐడిల్‌లో, ఇంజను మెల్లగా తిరుగుతూ ఉండగా, నిలబడుతుంది. ఐడిల్‌లో మసి ఎక్కువ, వేడి తక్కువ, వెనక్కి చిందే తడికి కొదవ లేదు.

విప్పకుండా కొలవవచ్చు. గేజి లేదు. షెడ్డు పక్కన ఇల్లు కడుతున్న మేస్త్రి దగ్గర లెవల్ ట్యూబు అడిగి తెచ్చాను. గోడలు మట్టం చూసుకునే ఆ పారదర్శక గొట్టమే. సిలిండర్ల పొగ ఒకచోట కలిసే మానిఫోల్డుకూ ఎల్బోకూ మధ్య, నీళ్లు కలిసే చోటుకు ముందు, చిన్న రంధ్రం వేసి నట్టు వెల్డు చేశాను. వేడి తగ్గడానికి రెండడుగుల రాగి గొట్టం, ఆ తర్వాత లెవల్ ట్యూబును యు ఆకారంలో నిలువు చెక్కకు కట్టి సగం దాకా ఎర్ర రంగు కలిపిన నీళ్లు పోశాను. పొగ ఎంత గట్టిగా వెనక్కి తన్నుతోందో రెండు కొమ్మల్లోని నీటి మట్టాల తేడా చెబుతుంది. ఒక మీటరు తేడా అంటే సుమారు 10 కిలోపాస్కళ్లు. ఇలాంటి ఇంజనుకు అది దాటిందంటే ఊపిరాడనట్టే.

మొదటిసారి కట్టిన చెక్క పొట్టిది. లివరు తోయగానే ఎర్రనీళ్లు పైకి ఎగిరి బావ తెల్లచొక్కా మీద పడ్డాయి. మీటరు దాటిందని చెప్పడానికి ఇంక ఏ కొలతా అక్కర్లేకపోయింది. మామ చుక్కాని వదిలేసి నవ్వాడు. పొడవైన చెక్కతో రెండోసారి: 1.45 మీటర్లు.

జనవరి 28

ఎల్బో విప్పాను. బోల్టులు నాలుగింటిలో రెండు విరిగాయి, పూట అంతా వాటికే పోయింది. ఎల్బో లోపలి వ్యాసం 50 మిల్లీమీటర్లు. నీళ్లు చిమ్మే చోట మిగిలిన దారిలో నా బొటనవేలు దూరింది, చూపుడువేలు తోడుగా పెడితే దూరలేదు. చుట్టూ నల్లటి, గట్టి, పొరలు పొరలుగా పేరుకున్న గోడ. సుత్తితో కొడితే బొగ్గులా పెళుసుగా రాలింది, కింద తుప్పు ఇనుమునే తినేసి ఉంది. శుభ్రం చేసి మళ్లీ పెట్టడం నాకు నచ్చలేదు. షెడ్డులోనే స్టెయిన్‌లెస్ పైపుతో కొత్తది చేశాను. నీళ్లు చిమ్మే రంధ్రాన్ని ఇంజనుకు దూరంగా, కిందికి వాలు ఉన్న వైపు పెట్టాను. ఆగినప్పుడు నీళ్లు వెనక్కి పాకి సిలిండర్లలోకి దిగితే అప్పుడు నిజంగానే బోరింగ్.

ఫిబ్రవరి 1

కొత్త ఎల్బోతో నీటి మట్టాల తేడా 38 సెంటీమీటర్లు. 1,830 ఆర్‌పీఎం. గంటకు 8.8 కిలోమీటర్లు.

బావ చాలన్నాడు. మూడు బీడీలకు వచ్చిందని మామ కూడా ఒప్పుకున్నాడు. పొగ నలుపు తగ్గి ముదురు బూడిద రంగులో ఉంది. డీజిల్ అందుతోంది, గాలి అందుతోంది, పొగ బయటికి పోతోంది, సిలిండర్లు బాగున్నాయి. అయినా 170 తక్కువ. రాత్రి నిద్ర పట్టక నోటుబుక్కు తిరగేశాను. ఇంజనుకు సంబంధించినవన్నీ రాసి ఉన్నాయి. ఇంజను దేన్ని తిప్పుతోందో దాని గురించి ఒక్క ముక్క లేదు.

ట్రాక్టరు మీద బతికినవాడి గుడ్డితనం ఇది. ట్రాక్టరు బరువెక్కితే నాగలి పైకెత్తుతాం, గేరు దించుతాం. బరువు డ్రైవరు చేతిలో ఉంటుంది. పడవ బరువును ప్రొపెల్లర్ చేసినవాడు ఎప్పుడో నిర్ణయించేశాడు. లివరు ముందుకు తోస్తే మొయ్యాల్సిందే.

లెక్క చూశాను. బావ దగ్గరున్న పాత కాగితంలో ప్రొపెల్లర్ 17 అంగుళాల వ్యాసం, 11 అంగుళాల పిచ్ అని ఉంది. పిచ్ అంటే గట్టి పదార్థంలో స్క్రూ తిరిగినట్టు ఒక చుట్టుకు ఎంత ముందుకు పోవాలో ఆ దూరం. గేరు బాక్సు రెండుకు ఒకటి. ఇంజను 1,830 తిరిగితే ప్రొపెల్లర్ 915. ఆ లెక్కన గంటకు 15.3 కిలోమీటర్లు పోవాలి, పోతున్నది 8.8. నీళ్లలో జారుడు ఎలాగూ ఉంటుంది గానీ 42 శాతం అంటే చాలా ఎక్కువ. కింద ఏదో ఉంది.

ఫిబ్రవరి 4

ఇక్కడ పడవను ఎత్తే క్రేను లేదు. నది తానే దించుతుంది. జనవరి నుంచి నీళ్లు తగ్గుతూ వస్తాయి, ఒడ్డు వాలు బయటపడుతుంది. మామ తెల్లవారుజామునే పడవ ముక్కును వాలు మీదికి ఎక్కించాడు. వెదురు దుంగలు పరిచి, నా షెడ్డులో రిపేరుకు వచ్చిన ట్రాక్టరుతోనే (యజమానికి చెప్పే చేశాను) మెల్లగా లాగాం. వెనుక భాగం నీళ్లలోంచి లేచింది.

ఒడ్డున గుమిగూడినవాళ్లలో ఒక ముసలమ్మ, "గుడినే పైకి తెచ్చి కట్టారు, పడవ ఒక లెక్కా" అంది. నిజమే. శ్రీశైలం నీళ్లు నిండేటప్పుడు సోమశిల సోమేశ్వరుడి గుళ్లు రాయి రాయిగా విప్పి పైకి తెచ్చి నిలబెట్టినవే.

అడుగంతా వేలెడు మందం నాచు, పట్టుకుంటే పాదాల కింద పాచిబండలా జారుతోంది. షాఫ్టు మీద, ప్రొపెల్లర్‌కూ బేరింగుకూ మధ్య, నైలాన్ వల దారం. విప్పుతూ పోతే పిడికిలంత ఉండ. వేడికి కరిగి గాజులా గట్టిపడింది. మామ చిన్న కత్తితో ఒక్కో పొరా కోస్తూ, అది ఏ వలో, ఎవరిదో చెబుతూ పోయాడు. నీలం దారం ఎవరు వాడతారో, పచ్చది ఎవరిదో ఆయనకు తెలుసు. ఒక రెక్క అంచు కొద్దిగా వంగి ఉంది.

తర్వాత ప్రొపెల్లర్ నడుమ దుమ్ము, పెయింటు గీకాను. పోత మీద అంకెలు కొట్టి ఉంటాయి. 17 కనిపించింది. పక్కన 11 ఉంటుందని గీకుతుంటే 13 తేలింది.

"బావా, ఇది మార్చావా?"

బావ తల గోక్కున్నాడు. రెండేళ్ల కిందట నీళ్లు తగ్గిన కాలంలో రాయికి తగిలి పాతది విరిగిందట. కొత్తది కొనేటప్పుడు "దీనికి పట్టు ఎక్కువ, ఇంకా వేగంగా పోతుంది" అని దుకాణంవాడు చెప్పాడట. వ్యాసం ఒకటే కదా అని తీసుకున్నాడు.

జనవరి 13 నాటి నా లెక్క ఇక్కడే బోర్లా పడింది. ప్రొపెల్లర్ 11 అనుకుని ఇంజను సగం కూడా ఇవ్వడం లేదన్నాను. 13 పిచ్ అదే వేగానికి ఇంకా ఎక్కువ బలం మింగుతుంది. అంటే ఇంజను నేను తిట్టినంత నీరసంగా ఎప్పుడూ లేదు. మొన్నటి జారుడు కూడా 42 కాదు, 13తో లెక్కిస్తే 51 శాతం. ఆ నాచుతో, ఆ దారపు ఉండతో అంత ఉండడంలో వింత లేదు.

రెండేళ్ల కిందట మారిన ప్రొపెల్లర్, కిందటేడు నుంచి మూసుకుంటూ వచ్చిన ఎల్బో, వానాకాలంలో కుమ్మరి పురుగు. ఒక్కొక్కటి వచ్చినప్పుడల్లా కొంచెం కొంచెం తగ్గింది. కొంచెమే కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. దసరాకు మూడూ కలిసి కూర్చున్నాయి.

ఫిబ్రవరి 5 నుంచి 10

అడుగు గీకి రంగు వేశారు, అది మామ, ఆయన కొడుకుల పని. పిచ్‌లో అంగుళం తగ్గిస్తే 150 నుంచి 200 ఆర్‌పీఎం పెరుగుతుందని మోటు లెక్క. రెండు అంగుళాలు తగ్గిస్తే 2,000 దాటి పోతుందేమోనని ఒకటే తగ్గిద్దామా అని ఊగాను. కాకినాడలో పడవల ప్రొపెల్లర్లు వేడిచేసి వంచే పనివాడితో ఫోనులో మాట్లాడాను. ఖాళీ పడవతో కాదు, నిండు బరువుతో 2,000 రావాలని, చేపలు మోసే పడవకు పదకొండే పెట్టుకోమని అన్నాడు. ఆ మాట నచ్చింది. బస్సు పార్శిలులో పంపాను, ఐదో రోజుకు తిరిగి వచ్చింది. వంగిన రెక్క సరిచేశాడు, మూడు రెక్కలూ తూకం వేసి సమం చేశాడు.

ఫిబ్రవరి 12

పడవ నీళ్లలోకి. ఐదు డబ్బాల ఐసు, ముగ్గురు మనుషులు.

2,010 ఆర్‌పీఎం. వెనుక లేత బూడిద రంగు పొగ, చూస్తే కనిపించేంత. రేవు నుంచి బండరాయి దాకా, వెనక్కి, సగటు 10.8 కిలోమీటర్లు. జారుడు 36 శాతం. బరువైన చెక్క పడవకు ఇది చాలు. 28 అడుగుల పడవను ఇంకా తోస్తే తన అలను తానే ఎక్కలేక డీజిల్ తాగుతుంది తప్ప పరుగెత్తదు.

బావ బోర్డు మీది గేజి వైపు చూసి "2,270 చూపిస్తోంది!" అని అరిచాడు. అది పీకి పారేయమన్నాను. పారేయడట, చూసుకుంటే సంతోషంగా ఉంటుందట.

మామ సిద్ధేశ్వరం వైపు ముక్కు తిప్పి బీడీ వెలిగించాడు. నేను నీళ్ల వేడి గేజి చూస్తున్నాను. 78 కాదు. 84. కాసేపటికి 88. పన్నెండో నిమిషానికి 93 దగ్గర లివరు వెనక్కి లాగాను.

మొన్నటి దాకా ఇంజను ఇంత పని చేయలేదు కాబట్టి ఇంత వేడీ పుట్టలేదు. సగం పంపు కూడా దానికి సరిపోయేది. ఇప్పుడు సరిపోవడం లేదు. వెనుక గొట్టంలోంచి వచ్చే నీళ్లు చూశాను, ధార కాదు, చిందులు. మెల్లగా ఐడిల్‌లో ఒడ్డుకు వచ్చి నీటి పంపు మూత ఆరు స్క్రూలు విప్పాను. రబ్బరు చక్రానికి ఆరు రెక్కలుండాలి. నాలుగే ఉన్నాయి.

కొత్త చక్రం నాగర్‌కర్నూల్‌లో దొరకలేదు, హైదరాబాద్ నుంచి రేపు వస్తుంది. విరిగిన ఆ రెండు రబ్బరు ముక్కలు నీళ్లతో పాటు ముందుకే పోయి ఉంటాయి, బహుశా వేడి తీసే గొట్టాల మొదట్లో ఇరుక్కుని ఉంటాయి. చక్రం బిగించే ముందు వాటిని వెతికి తీయాలి. రేపు పొద్దున ఏడింటికి, సన్న పట్టకారు, టార్చి.